గురువారం నాకు క్లాసుంది

మా ఆయన డీన్ అయ్యాడన్న సంగతి నాకు ఆయన చెప్పలేదు. నా జాకెట్టు కొలతలు అడగడానికి ఫోన్ చేసిన బూ లాస్మి చెప్పింది.

అప్పుడు నేను వంటింట్లో సోయా గింజలు పులియబెట్టి చేసిన టెంపే ముక్కల్ని పిండిలో ముంచి నూనెలో వేస్తున్నాను. మా బాన్యుమాస్ జిల్లాలో, పుర్వొకెర్తో ఊరివాళ్ళకి టెంపే కరకరలాడకూడదు, సగం వేగి మెత్తగా ఉండగానే తీసెయ్యాలి, అదే మెందోఆన్. ఒక్క నిమిషం అటూ ఇటూ అయిందా, "ఇది మెందోఆన్ కాదు, చెప్పు అట్ట" అంటాడు మా ఆయన విదగ్దో. ఆయన పుట్టింది వేరే ఊళ్ళో, సోలోలో. పెళ్ళయ్యేదాకా మెందోఆన్ మొహం ఎరగడు. ఇప్పుడు దాని మంచిచెడ్డలు నాకే చెబుతాడు.

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"బూ, ఛాతీ కొలత చెప్పండి. నడుం కూడా. టైలర్ ఇక్కడే కూర్చున్నాడు," అంది లాస్మి. ఆవిడ మా ఫ్యాకల్టీ ఆఫీసులో గుమాస్తా. "పాత ఆవిడ సన్నగా ఉండేది, ఆ జాకెట్టు మీకు పట్టదు."

"ఏ జాకెట్టు?"

"సంఘం యూనిఫాం బూ. ఇవాళ్టి నుంచి మీరు బూ దెకాన్ కదా. పొద్దున్నే ఆర్డరొచ్చింది. పా విదగ్దో మీకు చెప్పలేదా?"

మా దగ్గర పెద్ద ఆడవాళ్ళని ఇబూ అని, పొట్టిగా బూ అని, మగవాళ్ళని పా అని పిలుస్తారు; డీన్‌గారి భార్య బూ దెకాన్. నేను ఇదే ఫ్యాకల్టీలో గణితం చెబుతూ జుట్టు నెరిసిపోయినదాన్ని. నిన్న సాయంత్రం దాకా బూ రుమ్‌ని, పూర్తిపేరు పెట్టి పిలిస్తే బూ రుమియాతిని. నా పేరు ఎప్పుడు ఊడిపోయిందో నాకే తెలీలేదు. కొలతలు చెప్పి ఫోన్ పెట్టేసి చూస్తే మూకుడులో ముక్కలన్నీ మాడిపోయాయి.

ఆ సంఘం గురించి కొంచెం చెప్పాలి. యూనివర్సిటీలో పనిచేసే మగవాళ్ళ భార్యలకి ఒక సంఘం ఉంది. దానికి ఎన్నికలుండవు. మొగుడు ఎంత ఎత్తుకి ఎక్కితే పెళ్ళాం అంత ఎత్తుకి ఎక్కుతుంది. రెక్టార్ భార్య అందరికీ పెద్ద, డీన్ భార్య ఆ ఫ్యాకల్టీకి అధ్యక్షురాలు, వైస్ డీన్ భార్య ఉపాధ్యక్షురాలు. ఆ కుర్చీ ఎక్కడానికి చదువక్కర్లేదు, ఇష్టం అసలే అక్కర్లేదు, పెళ్ళి ఒక్కటి చాలు. జబ్బుపడ్డవాళ్ళని చూసి రావడం, పురుడొచ్చినవాళ్ళకి పళ్ళబుట్ట పట్టుకెళ్ళడం, పూల పోటీలు, వంటల పోటీలు, రెక్టార్ భార్య వస్తే గుమ్మంలో వరసగా నిలబడటం. మీటింగులు గురువారం పొద్దున్న. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నాకు గణితంలో వాస్తవ విశ్లేషణ క్లాసు.

సాయంత్రం మా ఆయన మార్తబాక్ అట్ల పొట్లంతో నవ్వుకుంటూ వచ్చాడు. ఖాయమైందని ముందు చెప్పొచ్చు కదా అన్నాను.

"నీకు తెలిస్తే వంద ప్రశ్నలేస్తావు," అన్నాడు. "ఆర్డరొచ్చాక చూద్దాంలే అనుకున్నా."

"మీటింగులు గురువారమట. గురువారం నాకు క్లాసుంది."

"నెలకి ఒకటో రెండో. ఎవరో ఒకళ్ళు చూసుకుంటారు. మంచి కబురు చెబితే మొదట అందులో కంతే వెతుకుతావేంటి రుమ్?"

మా అమ్మాయి లారాస్ మార్తబాక్ ముక్క నోట్లో పెట్టుకుని ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "ఇబూ, నిన్ను సంఘం గ్రూపులో చేర్చేశారు. నీ పేరు కూడా మార్చేశారు చూడు. శ్రీమతి విదగ్దో."

మేమిద్దరం ఒకే క్లాసులో చదువుకున్నాం. అప్పట్లో "ఒరేయ్, నువ్వు" అనుకునేవాళ్ళం. పరీక్ష ముందురోజు క్యాంటీన్లో కూర్చుని ఎప్సిలాన్‌కి డెల్టా ఎలా వెతకాలో ఆయనకి నేనే నేర్పేదాన్ని. పెళ్ళయిన మొదటివారం మా అత్తగారు సోలో నుంచి వచ్చి, "మొగుణ్ణి నువ్వు అంటావా? మీ బాన్యుమాస్ వాళ్ళ నోటికి తలుపులుండవు తల్లీ" అన్నారు. ఆరోజు నుంచి ఆయన మీరు అయ్యాడు. నేను మాత్రం నువ్వుగానే ఉండిపోయాను. పై చదువుకి ఇద్దరికీ జపాన్ స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు లారాస్ నా కడుపులో ఉంది. "ముందు నేను వెళ్ళొస్తా, తరవాత నీ వంతు" అన్నాడు. వెళ్ళొచ్చాడు. ఆయన వచ్చేసరికి అత్తగారికి పక్షవాతం, ఆవిడ లేచి తిరిగాక ఇల్లు కట్టడం, తరవాత లారాస్ చదువు. ఈలోగా స్కాలర్‌షిప్పులకి నా వయసు దాటిపోయింది. వంతు అన్న మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరి నోటా వినబడలేదు.

పోనీ, క్లాసుందిగా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎందుకంటే ఆ క్లాసు నాకు ఉత్తి క్లాసు కాదు. మా దగ్గరకొచ్చే పిల్లలు బీజగణితం ఒకచోట, విశ్లేషణ ఒకచోట, సంఖ్యాత్మక పద్ధతులు ఇంకోచోట, మూడు వేరువేరు ఊళ్ళలా చదివి బయటపడేవాళ్ళు. ఒకదాంట్లో నేర్చుకున్నది ఇంకోదాంట్లో దేనికి పనికొస్తుందో వాళ్ళకి తెలిసేది కాదు. ఆ మూడింటినీ ఒకదానికొకటి అందిచ్చేలా పునాది కోర్సుగా కూర్చి, ఈ గురువారం క్లాసుని దానికి వెన్నెముకగా పెట్టింది నేను. రెండేళ్ళు కూర్చున్నాను దానిమీద, అన్నం వార్చుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ. డీన్ పదవికి పోటీలో నిలబడ్డప్పుడు మా ఆయన సెనేట్ ముందు దాన్ని తెరమీద చూపించి, "మా విభాగంలో నేను తెచ్చిన మార్పు" అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఇంటికొచ్చి అడిగితే, "మేము అనబోయి నేను అన్నాను. మాటల్లో దొర్లుతుంది. నువ్వేగా ఎప్పుడూ మొగుడూ పెళ్ళాం ఒకటే అంటావు" అన్నాడు. నేను అలా ఎప్పుడూ అనలేదు. అన్నది వాళ్ళమ్మ.

మొదటి మీటింగులో చేతిగుడ్డల్ని కలువపూలలా మడవడం నేర్పారు. నన్ను పెద్దకుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన బూ ఎండా, వైస్ డీన్ భార్య. ఆవిడకి ఇవన్నీ ప్రాణం. వేళ్ళు కదిలిస్తే చాలు, గుడ్డ పువ్వయిపోతుంది. ఆవిడ మాట్లాడితే అందరూ నవ్వుతారు, ఎవరి పిల్లకి జ్వరమో ఎవరి అత్తకి ఆపరేషనో అన్నీ గుర్తుంటాయి. ఈవిడ ఉండగా నేనెందుకు ఇక్కడ అని లాస్మిని చెవిలో అడిగాను. "ఆవిడ భర్త వైస్ డీనే కదా బూ," అంది లాస్మి, నాకు ఇంత చిన్న లెక్క ఎలా తెలియలేదన్నట్టు. ఆ ఆడవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళలో ఒక పిల్లల డాక్టరు ఉంది, ఆస్పత్రి నుంచి పరిగెత్తుకొచ్చి ఆవలింతలు ఆపుకుంటూ గుడ్డ మడిచింది. ఒక బ్యాంకు ఆఫీసరు సెలవు పెట్టి వచ్చింది. అందరం మా పనులు వదిలేసి, మా మొగుళ్ళు ఉద్యోగాలు బాగా చేసుకోవాలని చేతిగుడ్డలు మడుస్తున్నాం.

నెలకి ఒకటో రెండో అన్నవి వారం వారం అయ్యాయి. రెక్టార్ భార్య రాకకి రిహార్సల్, వార్షికోత్సవానికి రిహార్సల్, రిహార్సల్‌కి ఏర్పాట్ల మీటింగు. నా బదులు మస్ తెగార్ క్లాసుకి వెళ్ళేవాడు, మస్ అంటే కుర్ర మగవాళ్ళని అన్నా అన్నట్టు పిలిచే పిలుపు. కుర్రాడు మంచివాడే, కొత్తగా విదేశాల్లో చదివొచ్చాడు, కాకపోతే అతనిది గణాంకశాస్త్రం. నేను తీరిక దొరికినప్పుడు మధ్యాహ్నాలు పిల్లల్ని కూర్చోబెట్టి వదిలేసిన చోటు నుంచి చెప్పుకొచ్చేదాన్ని. ఒకరోజు స్టాఫ్‌రూమ్ గోడమీద కొత్త టైంటేబుల్ అంటించారు. వాస్తవ విశ్లేషణ ఎదురుగా తెగార్ పేరుంది. నా పేరు వెతికితే సోమవారం ఏడింటికి వ్యవసాయ విద్యార్థుల ప్రాథమిక గణితం దగ్గర దొరికింది. కింద సంతకం డీన్‌ది. ఆ సంతకం పొడుగుతోక నాకు బాగా తెలుసు, మా ఇంటి కరెంటు బిల్లు మీదా అదే ఉంటుంది.

"నీ మంచికే చేశా," అన్నాడు ఇంటికొచ్చాక. చొక్కా విప్పి కుర్చీమీద వేశాడు, ఎత్తి ఉతుకుల బుట్టలో వెయ్యడానికి నేనున్నాను కదా. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టి అలిసిపోతున్నావు. వ్యవసాయం పిల్లలకి చెప్పడం ఎంత పని? భాగహారాలూ శాతాలూ. ప్రిపరేషన్ కూడా అక్కర్లేదు."

"నన్ను అడగలేదే?"

"ఇంట్లో మాట్లాడుకుని చేస్తే డీన్ పెళ్ళాం మాట విన్నాడంటారు. ఆ మాట పడమంటావా?"

పెళ్ళాన్ని అడక్కుండా ఆవిడ క్లాసు తీసేస్తే నిష్పక్షపాతం, అడిగితే పక్షపాతం. ఇదే తర్కం మొదటి సంవత్సరం పిల్లాడు పేపర్లో రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేదాన్ని. మొగుడు కాబట్టి అన్నం వడ్డించాను.

ముస్లిఖా మా ఇంటికొచ్చింది ఆ తరవాతే. నా గురువారం క్లాసు పిల్ల, ఊరు సిలోంగోక్. వాళ్ళ నాన్న కొబ్బరిచెట్లెక్కి నీరా దించుతాడు, అమ్మ దాన్ని కాచి బెల్లం చేస్తుంది. వాస్తవ విశ్లేషణ ఇదివరకే తప్పింది, ఈ సెమిస్టర్ కూడా తప్పితే ఇక యూనివర్సిటీలో ఉండనివ్వరు. ఆవేళ నేను వార్షికోత్సవం పోటీకి తుంపెంగ్ కట్టడం సాధన చేస్తున్నాను. పసుపన్నాన్ని గోపురంలా నిలబెట్టి, చుట్టూ గుడ్లూ కూరలూ మిరపకాయల్ని కోసి చేసిన పూలూ పేర్చాలి. మోచేతులదాకా పసుపు. ముస్లిఖా వంటింటి గుమ్మంలో చెప్పులు విడిచి, నిలబడే అడిగింది.

"బూ, పా విదగ్దో చెప్పే సంఖ్యాత్మక పద్ధతుల క్లాసులో ఒకటి నాకు అర్థం కాలేదు. మస్ తెగార్‌ని అడిగితే స్లైడ్ మళ్ళీ చూడమన్నారు."

"ఏంటమ్మా?"

"వర్గం చేస్తే రెండొచ్చే సంఖ్య కావాలి. ఒకటికీ రెండుకీ మధ్య ఉంటుంది. సగానికి కొయ్యాలి, ఏ సగంలో ఉందో చూసి దాన్ని మళ్ళీ సగానికి కొయ్యాలి. అలా కోస్తూ పోతే దొరుకుతుందన్నారు. ఎప్పుడు ఆపాలి అంటే, కంప్యూటర్లో అంకెలు మారడం మానేసినప్పుడు ఆపమన్నారు."

"ఆపొచ్చు. తప్పేముంది?"

"అది కాదు బూ. నేను కోసిన ప్రతిచోటా భిన్నమే వచ్చింది. ఏ భిన్నాన్ని వర్గం చేసినా రెండు రాదని మీరు మొదటి వారమే చూపించారు. మరి ఎంత కోసినా అది దొరకదు కదా. ఇరుకు చేసుకుంటూ పోతున్నాం సరే, ఆ ఇరుకులో అసలు ఒక సంఖ్య ఉందని ఎవరు చెప్పారు?"

నా చేతిలో మిరపపువ్వు అలాగే ఉండిపోయింది. ఈ ప్రశ్న కోసమే కదా నేను మూడు సబ్జెక్టుల్నీ ఒకచోటికి తెచ్చింది. ఎన్నేళ్ళు చెప్పినా ఏ ఒక్కళ్ళకో తడుతుంది ఇది. సబ్జెక్టు తప్పిన పిల్లకి తట్టింది. బల్లమీద ఒలికిన పసుపునీళ్ళలో వేలితో గీత గీశాను. భిన్నాలు మాత్రమే ఉన్న లోకంలో ఆ గీతకి చిల్లులుంటాయి, నువ్వన్నట్టు కోస్తూ కోస్తూ పోయి చిల్లులో పడతావు, అక్కడ ఏమీ ఉండదు, అన్నాను. ఆ చిల్లులు లేవని, ఒకదాంట్లో ఒకటి ఒదుగుతూ సున్నా వెడల్పుకి కుంచించుకుపోయే ముక్కలన్నిటికీ ఉమ్మడిగా ఒక బిందువు ఉండి తీరుతుందని చెప్పేదే వాస్తవ సంఖ్యల సంపూర్ణత. అది లేకపోతే మీ సార్ కంప్యూటర్ చూపించే అంకెలకి వెనక దిక్కెవరూ లేరు. ముస్లిఖా నోరు తెరుచుకుని బల్లమీదకి వంగింది. "అయితే ఆ పద్ధతి పనిచేసేది దీనివల్లేనా బూ," అని, తనలో తనే నవ్వుకుంది. పరీక్షలు తప్పుతున్న పిల్ల మొహంలో అంత నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

అంతలో మా ఆయన లోపలికొచ్చాడు. ఏం జరుగుతోందని అడిగి, విని, నవ్వాడు. "ఈ జబ్బు మీ బూ రుమ్‌ది. బండి నడుస్తుంటే ఇంజను ఉందా లేదా అని దిగి చూస్తుంది. జవాబు వస్తోంది కదమ్మా, వాడుకో." తరవాత నావైపు తిరిగి, "తుంపెంగ్ ఒక పక్కకి ఒరిగింది చూసుకో. రెక్టార్ భార్య తినబోయేది అదే," అన్నాడు. ముస్లిఖాకి ఒక ప్లేటులో పసుపన్నం పెట్టించి, "బూ దెకాన్‌కి పనుంది, తొందరగా తినేసి వెళ్ళు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన ఎప్పుడూ మర్యాదగానే అంటాడు, అందుకే ఎవరికీ చెప్పుకోవడానికుండదు.

వార్షికోత్సవం గురువారం వచ్చింది. బిగుతు జాకెట్టు, అడుగు సరిగ్గా వెయ్యనివ్వని బాతిక్ గుడ్డ చుట్టు, మెడకి గుచ్చుకునే బ్రోచ్. తుంపెంగ్ ముందే హాలుకి వెళ్ళిపోయింది. నేను మెట్లెక్కి వరండా దాటుతుంటే నా పాత క్లాసురూమ్ తలుపు తెరిచి ఉంది. పిల్లలందరూ లోపల కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. మస్ తెగార్ జకార్తాలో ఏదో సదస్సుకి వెళ్ళాడట. పంపింది డీనే. క్లాసు లేదని పిల్లలకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ముస్లిఖా నన్ను చూసి లేచి నిలబడింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే, హాల్లో పనుందమ్మా అని వెళ్ళిపోయేదాన్నేమో. ఆ పిల్ల ఉత్తినే నిలబడింది. నేను లోపలికెళ్ళి బ్రోచ్ తీసి బల్లమీద పెట్టి మార్కర్ అందుకున్నాను.

"బూ, మీరు ఫంక్షన్‌కి వెళ్ళాలేమో," అన్నాడు ముందు బెంచీలో కుర్రాడు.

"ఎక్కడిదాకా వచ్చారో చెప్పు."

ఎక్కడికీ రాలేదు. ఒక చివర సున్నాకి కింద, ఇంకో చివర సున్నాకి పైన ఉన్న వక్రరేఖ మధ్యలో ఎక్కడా తెగకపోతే, ఎక్కడో ఒకచోట సున్నాని తాకి తీరాలన్న సిద్ధాంతం మొదలెట్టాను. బొమ్మ చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, నిరూపించాలంటేనే ఒళ్ళు వంగాలి. బల్లమీద నా సంచీలో ఫోన్ గురగురలాడుతూ జరుగుతోంది. ఆ చుట్టుతో బోర్డు ఆ చివరికి గబగబా నడవలేక, చివరికి చీలమండల దగ్గర కొంచెం వదులు చేసుకున్నాను. ఒళ్ళంతా చెమట. ఎన్నాళ్ళకో నా గొంతు నాకు వినబడుతోంది. నిరూపణ సగంలో ఉండగా గుమ్మంలో మా ఆయన నిలబడ్డాడు.

"బూ రుమియాతి, ఒక్క నిమిషం. అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు."

"సగంలో ఉంది పా. అయ్యాక మాట్లాడదాం. వినాలనుంటే వెనక బెంచీ ఖాళీగా ఉంది."

పిల్లలందరూ తలలు దించుకున్నారు. ఆయన తలుపు చాలా మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

రెక్టార్ భార్య, "తుంపెంగ్ వచ్చింది గానీ కట్టినావిడేదీ" అని అడిగిందట. అందరూ నవ్వారట. ఆ నవ్వు మా ఆయన గుండెల్లో దిగబడింది. ఇంట్లో నాతో మాటలు మానేశాడు. మర్నాడు అత్తగారు సోలో నుంచి ఫోన్ చేశారు. "వాడు ఆ కుర్చీదాకా వచ్చాడంటే అందులో సగం నీ పుణ్యమే, నేను కాదనను. చేసిన పుణ్యం నువ్వే చెడగొట్టుకుంటావా? పిల్లలకి పాఠం ఎవరైనా చెబుతారు. వాడి పక్కన ఇంకెవరు నిలబడతారు?" అన్నారు. అంత ప్రేమగా అన్నారు కాబట్టి మరీ విసుగొచ్చింది.

ఆరోజే, శుక్రవారం, నేను లాస్మి దగ్గరకెళ్ళి, సంఘం పదవికి రాజీనామా చేస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"అలా కుదరదు బూ. రాజీనామా అనేది లేదు."

"ఎందుకు లేదు?"

"మిమ్మల్ని ఎవరూ అందులో వెయ్యలేదు కదా తీసెయ్యడానికి. పా దెకాన్‌తోపాటు వచ్చింది అది. ఆయన దిగిపోతే మీరూ దిగిపోతారు. లేకపోతే..." చుట్టూ చూసి గొంతు తగ్గించింది, "మీరు ఆయన భార్య కాకుండా పోవాలి. పాతకాలంలో ఒకావిడకి అలాగే అయింది, విడాకులయ్యాక తీసేశారు."

"మూడో దారి లేదా? బూ ఎండా నా బదులు చెయ్యొచ్చు కదా."

"అది పా దెకాన్ స్వయంగా అడగాలి. ఇంతవరకూ ఏ డీనూ అడగలేదు. అడిగితే పెళ్ళాం మాట వినదని ఒప్పుకున్నట్టు కదా బూ."

ఆదివారం పొద్దున్న ఆయన వాకిట్లో కారు కడుగుతున్నాడు. నేను మెట్టుమీద కూర్చున్నాను. కూర్చునేటప్పటికి ఏం మాట్లాడాలో సిద్ధంగా లేదు. రెండు రాత్రులు ఆలోచించి ఎన్నో వాదనలు పేర్చుకున్నాను, న్యాయం గురించి, నా వంతు గురించి, తెరమీద చూపించిన కోర్సు గురించి. అవన్నీ చెబితే ఒక్కోదానికీ ఆయన దగ్గర మర్యాదైన జవాబు ఉంటుందని తెలుసు.

"లాస్మిని అడిగాను," అన్నాను. "ఆ పదవి లోంచి నేను బయటపడాలంటే రెండే దారులట. నువ్వు డీన్‌గా దిగిపోవాలి. లేకపోతే నేను నీ భార్యగా ఉండకూడదు."

ఆయన తలెత్తి చూశాడు. మాట కంటే ముందు ఆ నువ్వు తగిలినట్టుంది. అత్తగారు మందలించిన రోజు తరవాత మొదటిసారి అన్నాను. అనాలని అనలేదు, అలా వచ్చేసింది.

"మూడో దారి నీ చేతిలో ఉందట. బూ ఎండాని నా బదులు చెయ్యమని నువ్వు అడగాలి. నా క్లాసు నాకు తిరిగి రాసివ్వాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి గురువారం లోపల చెప్పు. గురువారం నాకు క్లాసుంది."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. ఉన్న దారులు చెబుతున్నా."

"ఇంత చిన్న విషయానికా రుమ్?"

"చిన్నదే. అందుకే నీకు కష్టం కాకూడదు."

గొట్టం లోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆయన ఒకే చక్రాన్ని చాలాసేపు కడిగాడు. నేను లేచి లోపలికొచ్చేశాను. భయం లేదని చెప్పలేను. ఇల్లు, లారాస్, ఇన్నేళ్ళూ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. నేను నిజంగానే అన్నానని అప్పుడే నాకూ తెలిసింది. లారాస్ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. వచ్చి నా గ్లాసులో టీ పోసి వెళ్ళింది.

సోమవారం, మంగళవారం ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప ఏం లేదు. బుధవారం బూ ఎండా ఫోన్ చేసింది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది పాపం. "బూ రుమ్, పా దెకాన్ మా ఆయన్ని అడిగారు, మీ బదులు నన్ను చూసుకోమని. నేను ఒప్పుకోనా? మీకేం కోపం లేదు కదా?" కోపమా, మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. ఆ సంఘానికి ఎన్నాళ్ళకో దాన్ని ప్రేమించే అధ్యక్షురాలు దొరికింది. ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్ టైంటేబుల్లో వాస్తవ విశ్లేషణ ఎదురుగా నా పేరు మళ్ళీ కనబడింది, కింద అదే పొడుగుతోక సంతకం.

గురువారం పొద్దున్న నేను మామూలు బట్టలు కట్టుకుని బల్ల దగ్గర కూర్చుని తింటుంటే, ఆయన ఫోన్‌లో ఉన్నాడు. అవతల రెక్టార్ భార్య. "ఇవాళ్టి మీటింగుకి మా ఆవిడ రాలేకపోతోందండి," అంటున్నాడు. "ఆవిడకి ఒంట్లో..." అని నన్ను చూసి ఆగాడు. నేను అన్నం తినడం ఆపి అలాగే చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒంట్లో బాగానే ఉందండి. ఆవిడకి క్లాసుంది."

ఫోన్ పెట్టేసి, నేను ఏమైనా అంటానేమోనని చూశాడు. మెచ్చుకోవాలేమో. నాకు మెచ్చుకోవాలనిపించలేదు. నేను ఆయన గురించి ఇన్నేళ్ళలో కొన్ని వందలసార్లు అన్న మాటే అది, 'ఆయనకి క్లాసుంది' అని. పిల్లకి జ్వరమొచ్చినప్పుడు అన్నాను, మా నాన్న పోయినప్పుడు అన్నాను. అన్నందుకు ఎవరూ నాకు చప్పట్లు కొట్టలేదు. ప్లేటు కడుక్కుని బయల్దేరాను.

క్లాసు బయట మస్ తెగార్ నిలబడి ఉన్నాడు. మార్కర్లు నా చేతిలో పెట్టి, "నిజం చెప్పాలంటే బూ, ఆ ముస్లిఖా చెయ్యెత్తితే నేను బోర్డువైపు తిరిగిపోయేవాణ్ణి" అన్నాడు. లోపలికెళ్ళి, ఆగిపోయిన నిరూపణ ఎత్తుకున్నాను. రెండు గంటలు ఇట్టే గడిచాయి. ఆ సెమిస్టర్ చివర ముస్లిఖా గట్టెక్కింది, బొటాబొటీగానే.

క్లాసయ్యాక హాజరు ఇవ్వడానికి ఆఫీసుకెళ్ళాను. అప్పటికే కబురు ఫ్యాకల్టీ అంతా పాకిపోయింది. ఇద్దరు కుర్ర లెక్చరర్లు నన్ను చూసి నవ్వుతూ దారిచ్చారు. లాస్మి కుర్చీలోంచి సగం లేచింది, కళ్ళు మెరుస్తున్నాయి.

"పా దెకాన్‌ది ఎంత పెద్ద మనసు బూ. ఇంకో మగాడైతే ఊరుకునేవాడా? మీటింగు మానిపించి మరీ మిమ్మల్ని క్లాసుకి పంపించారట. అదృష్టవంతులు మీరు."

నేను హాజరు కాగితం ఆవిడ బల్లమీద పెట్టాను.

"పంపించలేదు బూ లాస్మి," అన్నాను. "నేను వెళ్ళాను."